ఆయిల్ కూలరు: దానిని విప్పి మార్చు విధము

మోటారుకారు నేడు కేవలము విలాసవస్తువు కాదు; పెక్కు కుటుంబములకు అది జీవనాధారము. అద్దెకారు నడిపి బిడ్డలను చదివించుకొను తండ్రికి ఇంజను చెడుట యనగా ప్రయాణము నిలిచిపోవుట మాత్రమే కాదు. ఆ నెల సంపాదన నిలిచిపోవుట, బిడ్డ చదువునకని దాచిన సొమ్ము మెకానికు షెడ్డు పాలగుట. ఇంజను సమూలముగ చెడుటకు పెద్ద భాగమే విరుగ నక్కరలేదు. చేతిలో నిముడు అల్యూమినియపు పెట్టె యొకటి లోలోపల చిల్లిపడినచో చాలును. ఆ పెట్టెకే ఆయిల్ కూలరని పేరు. అది చేయు పని యెట్టిది, చెడినచో నెట్లు గుర్తింపవలెను, దానిని విప్పి క్రొత్తదానిని బిగించు క్రమమేది యను సంగతులను ఈ వ్యాసమున వివరించెదము. చేతిపని తెలిసినవారికి ఇది త్రోవ చూపును. బండిని షెడ్డున కప్పగించు వారికి అచ్చట ఏమి యడుగవలెనో తెలుపును.

ఆయిలు చేయు పని

ఇంజనులో ఆయిలు పోయుట ఒరిపిడిని తగ్గించుటకే యని సామాన్యముగ తలంతురు. అది సగము మాత్రమే నిజము. వేడిని మోసికొనిపోవుట దాని రెండవ పని. రేడియేటరు నీరు సిలిండరుల చుట్టును తిరుగును గాని, పిస్టనుల అడుగుభాగమునకును, క్రాంకుషాఫ్టు బేరింగులకును చేరజాలదు. ఆ తావులందలి వేడిని తీసికొనిపోవునది ఆయిలే. టర్బో గల బండ్లలో టర్బో యిరుసు నిమిషమునకు లక్ష చుట్లకు పైగా తిరుగును. దానిని కాపాడునదియు ఆయిలు పొరయే.

మామూలు ప్రయాణమున ఆయిలు వేడి 90 నుండి 110 డిగ్రీల సెంటిగ్రేడు వరకు నుండును. అది 130 డిగ్రీలు దాటి చాలసేపు నిలిచినచో, గాలిలోని ప్రాణవాయువుతో కలిసి త్వరగ చెడి, నల్లబడి, జిగురుగ మారును. వేడి 10 డిగ్రీలు పెరిగిన కొలది ఈ చెడుట యొక్క వేగము ఇంచుమించు రెట్టింపగునని రసాయనశాస్త్రమున నొక మోటు లెక్క కలదు. మరియొక కీడును కలదు. చలికాలమున సీసాలో బరువుగ కదలు ఆముదము పొయ్యిమీద వెచ్చచేయగనే నీటివలె జారుట మన తల్లులు చూచినదే. ఇంజను ఆయిలును అంతే. మితిమీరి వేడెక్కినచో పలుచబడి, లోహమునకు లోహమునకు నడుమ నిలువజాలక తప్పుకొనును. అప్పుడు బేరింగు అరుగును.

బొంబాయి నుండి పూనాకు పోవు త్రోవలో ఖోపోలీ దాటి ఖండాలాకు ఎక్కునపుడును, బరంపురము నుండి తప్తపాణి కనుమ నెక్కునపుడును ఇంజను పడు శ్రమ యెట్టిదో ఆ త్రోవల బండి నడిపిన వారెరుగుదురు. బరువు నిండుగ నుండును, గేరు తక్కువ, ఇంజను వేగము హెచ్చు, బండి వేగము తక్కువ గావున ఎదురుగాలి చాలదు. ఇట్టి సమయమున ఆయిలు వేడిని అదుపులో నుంచుటకే ఆయిల్ కూలరు ఏర్పడినది.

కూలరులందలి రెండు తెగలు

మొదటి తెగ గాలితో చల్లబడునది. ఇది చిన్న రేడియేటరు వలె నుండును. ఆయిలు సన్నని గొట్టములలో పారును. పైనుండి గాలి వీచును. జర్మనీదేశపు ఫోక్స్‌వాగన్ బీటిల్ కారు దీనికి పేరుపడిన ఉదాహరణము. ఆ ఇంజనులో నీటి రేడియేటరే లేదు. సుమారు రెండున్నర లీటరుల ఆయిలును, ఫంకా గాలియు కలిసి ఇంజనును చల్లబరుపవలెను. తొలి నమూనాలలో ఆయిల్ కూలరు ఫంకా పెట్టెలోపలనే నిలువుగ నుండి, మూడవ సిలిండరునకు పోవు గాలికి అడ్డుపడుచుండెను. అందుచే ఆ సిలిండరు తక్కినవానికంటె హెచ్చుగ వేడెక్కుచుండెను. 1971 నమూనాలో కూలరును ప్రక్కకు జరిపి, దానికి వేరుగ గాలిదారి నేర్పరచిరి. ఒక భాగమును చల్లబరుపబోయి మరియొక భాగమునకు కీడు చేయరాదను పాఠము అందు కలదు.

రెండవ తెగ రేడియేటరు నీటితో చల్లబడునది. నేటి కారులలో విశేషముగ కానవచ్చునది యిదియే. ఆయిలు ఫిల్టరునకును ఇంజను బ్లాకునకును నడుమ, లేక ఫిల్టరు పెట్టెకు ప్రక్కన దీనిని బిగింతురు. లోపల పలుచని రేకులు దొంతరగ నుండును. ఒక అరలో ఆయిలు, దానిని ఆనుకొనిన అరలో కూలెంటు, మరల ఆయిలు, మరల కూలెంటు. రెండును ఒకదాని ప్రక్క నొకటి పారును గాని కలియవు. రేకు ద్వారా వేడి మాత్రము ఇటునుండి అటు పోవును. దీనివలన మరియొక లాభమును కలదు. చల్లని ఉదయమున ఆయిలుకంటె కూలెంటే ముందు వేడెక్కును. అప్పుడీ పెట్టె ఆయిలును వెచ్చచేసి త్వరగ పారునట్లు చేయును. ఇకమీద చెప్పబోవు పనియంతయు ఈ రెండవ తెగను గూర్చినది.

చెడినట్లు తెలుపు గుర్తులు

కూలరు రెండు విధముల చెడును. బయటి రబ్బరు వలయము, అనగా ఓ-రింగు, గట్టిపడి ఆయిలు వెలుపలికి కారుట మొదటిది. ఇది కంటికి కనబడును. ఫిల్టరు చుట్టును తడి, క్రింద నేలమీద మరక. లోపలి రేకు చిల్లిపడి ఆయిలును కూలెంటును కలియుట రెండవది. ప్రమాదకరమైనది యిదియే, వెలుపలి కేమియు కనబడదు.

ఇంజను తిరుగునపుడు ఆయిలు ఒత్తిడి సాధారణముగ చదరపు సెంటిమీటరునకు 3 నుండి 5 కిలోగ్రాముల వరకు నుండును. కూలెంటు ఒత్తిడి ఇంచుమించు 1 కిలోగ్రాము. హెచ్చు ఒత్తిడినుండి తక్కువ ఒత్తిడికి పారుట ద్రవముల స్వభావము గావున, ఇంజను నడుచునపుడు చిల్లిగుండ ఆయిలు కూలెంటులోనికి పోవును. కూలెంటు డబ్బా మూత తీసి చూచినచో మీగడవంటి జిడ్డు గోధుమరంగున తేలుచుండును. ఇంజనును ఆపగనే ఆయిలు ఒత్తిడి సున్నకు దిగును. వేడిగనున్న కూలెంటు మాత్రము కొంతసేపు ఒత్తిడితోనే యుండును. అప్పుడు పారుదల తిరుగబడి, కూలెంటు ఆయిలులోనికి చేరగలదు. కావున డిప్‌స్టిక్కుమీద పాలవంటి ద్రవము కనబడినను, ఆయిలు మట్టము కారణములేక పెరిగినను ఉపేక్షింపరాదు. ఆ స్థితిలో బండిని నడుపవలదు. కూలెంటు కలిసిన ఆయిలు బేరింగులను కాపాడజాలదు.

తొందరపడి నిర్ణయింపరాదు

ఆయిలును నీరును కలిసెనని వినగనే కొందరు హెడ్ గాస్కెట్టు పోయెనని తీర్పు చెప్పి, ఇంజను పైభాగమును విప్పుటకు పూనుకొందురు. అది పెద్ద పని, పెద్ద ఖర్చు. కూలరు చెడినను ఈ గుర్తులే కానవచ్చును గనుక, విప్పకమునుపు విచారింపవలెను. గాస్కెట్టు పోయినచో సాధారణముగ కూలెంటులో మండిన వాయువుల బుడగలు కనబడుట, పొగగొట్టమునుండి తెల్లని పొగ విడువక వచ్చుట, ఏదో యొక సిలిండరునకు కంప్రెషను తగ్గుట మొదలగు లక్షణములలో నొకటియైనను తోడుగ నుండును. కూలెంటులో మండిన వాయువున్నదో లేదో రంగు మారు ద్రవముతో పరీక్షించు చిన్న సాధనము షెడ్డులలో లభించును. ఈ పరీక్షలన్నియు సరిగనుండి, కూలెంటులో ఆయిలు మాత్రమే కనబడినచో కూలరునే ముందుగ ననుమానింపవలెను.

ఆటోమేటిక్ గేరు గల బండ్లలో మరియొక సంగతిని చూడవలెను. పెక్కింటిలో గేరుపెట్టె ఆయిలును చల్లబరుచు గొట్టము రేడియేటరులోనే యుండును. అది చిల్లిపడినను కూలెంటులో జిడ్డు తేలును. కావున గేరు ఆయిలునుగూడ పరిశీలింపవలెను. విప్పిన కూలరును నిర్ధారించుట సులభము: కూలెంటు ద్వారముల నొకదానిని మూసి, రెండవదానిగుండ స్వల్పమైన ఒత్తిడితో గాలి నెక్కించి, నీటిలో ముంచినచో, ఆయిలు రంధ్రములనుండి బుడగలు వచ్చును. షెడ్డువారు భాగమును మార్చితిమని చెప్పినపుడు, ఈ పరీక్షను మీ యెదుట చేయుమని యడుగుట అవిశ్వాసము కాదు, మీ హక్కు.

ఏల చెడును?

కారణమును తొలగింపక క్రొత్త కూలరును బిగించినచో అదియు పాతదాని దారినే పోవును. రేడియేటరులో కూలెంటునకు బదులు కొళాయినీరు లేక బావినీరు పోయుట మొదటి కారణము. అందలి లవణములు రేకులకు పొరగ పట్టి వేడిని ఆపును. క్రమముగ లోహమును తినివేయును. ఒండొంటికి సరిపడని రెండు తెగల కూలెంటులను కలుపుట రెండవది. ఏండ్ల తరబడి కూలెంటును మార్చకుండుట మూడవది. అందలి తుప్పునాపు ద్రవ్యములకు గడువు కలదు. రంగును చూచి కూలెంటు నెంచుకొనరాదు. రంగు తెగకు నమ్మదగిన గుర్తు కాదు. బండి పుస్తకమున చెప్పిన తెగనే వాడవలెను.

ముందుగ సమకూర్చుకొనవలసినవి

బండికి సరిపడు క్రొత్త కూలరు, దానితో వచ్చు ఓ-రింగులు లేక గాస్కెట్టులు, క్రొత్త ఆయిలు ఫిల్టరు, తగిన తెగ ఆయిలు, కూలెంటు, శుద్ధజలము, క్రొత్త హోసు క్లిప్పులు, స్పానరులు, సాకెట్టులు, ఫిల్టరు విప్పు పట్టీ, టార్కు రెంచి, రెండు వెడల్పాటి తొట్లు, చేతొడుగులు, కంటి అద్దములు. పాత ఓ-రింగును మరల వాడుట పొదుపు కాదు. అతి తక్కువ వెల గల ఆ వలయమును మిగిల్చుకొనబోయి లీటరులకొలది ఆయిలును పోగొట్టుకొనవలసి వచ్చును.

విప్పు క్రమము

బండిని సమతలమున నిలిపి, చేతిబ్రేకు వేసి, చక్రములకు అడ్డుకట్టెలు పెట్టవలెను. బండిని ఎత్తవలసినచో జాకీమీద మాత్రమే నిలిపి క్రిందికి దూరరాదు. గట్టి స్టాండులు తప్పక పెట్టవలెను. ఇంజను పూర్తిగ చల్లారినగాని కూలెంటు మూత తీయరాదు. ఒత్తిడిలోనున్న కూలెంటు 100 డిగ్రీలు దాటియు మరుగకుండును. మూత విప్పగనే ఒక్కసారిగ ఆవిరియై మీదికెగయును. చేయి పెట్టి తాకగలిగినంతగ చల్లారినదని నిశ్చయించుకొనిన పిమ్మట పని ప్రారంభింపవలెను. బ్యాటరీ ఋణధ్రువపు తీగను తొలగింపవలెను.

మొదట కూలెంటును ఒక తొట్టిలోనికి, పిదప ఆయిలును వేరొక తొట్టిలోనికి దింపవలెను. ఫిల్టరును పట్టీతో వదులుచేసి తీయవలెను. కూలరునకు వచ్చు రెండు హోసులలో నేది యెచ్చటిదో రంగుదారము కట్టి గుర్తు పెట్టవలెను. చేతిఫోనుతో ఛాయాచిత్రము తీసికొనుట మరియు మంచిది. క్లిప్పును వెనుకకు జరిపి, హోసును ముందు మెలిత్రిప్పి, పిదప లాగవలెను. స్క్రూడ్రైవరుతో పెకలింపబోయినచో మెత్తని అల్యూమినియపు గొట్టము వంగును. గట్టిపడిన హోసును నిలువుగ కోసి తీసి, క్రొత్తది వేయుటయే మేలు.

కొన్ని బండ్లలో కూలరు నడుమనున్న ఒక బోలు బోల్టుతో నిలుచును. కొన్నింట చుట్టును నాలుగైదు బోల్టులుండును. పలు బోల్టులున్నచో ఒక్కొక్కదానిని ఒకేసారి పూర్తిగ విప్పక, ఎదురెదురుగనున్నవానిని కొంచెము కొంచెముగ వదులు చేయవలెను. బోల్టుల పొడవులు వేరువేరుగ నుండవచ్చును. అట్టముక్కపై కూలరు ఆకారము గీసి, ఏ బోల్టు నా చోటనే గ్రుచ్చి యుంచినచో తికమక యుండదు. కూలరు వెలుపలికి వచ్చిన వెంటనే బ్లాకు ముఖమును పరికింపవలెను. పాత ఓ-రింగు కొన్నిసారులు అచ్చటనే అంటుకొని యుండును. దానిపై క్రొత్తది పెట్టినచో రెండు వలయములును జారి, ఇంజను పట్టుకొనగనే ఆయిలంతయు వెలుపలికి చిమ్మును. ఫిల్టరు వలయము విషయమునను ఇదే జాగ్రత్త.

ముఖమును నూలుపోగులు రాలని శుభ్రమైన గుడ్డతోను, ప్లాస్టిక్కు చెక్కతోను తుడువవలెను. గరుకు కాగితముతో రుద్దరాదు. అందుండి రాలు పొడి ఆయిలు దారిలో పడి బేరింగులకు చేరినచో, మంచికి చేసిన పని చెడుగ పరిణమించును. ఒకప్పుడు బేరింగు అరిగి లోహపు పొడి ఆయిలులో తిరిగిన ఇంజనైనచో, పాత కూలరును కడిగి మరల వాడరాదు. సన్నని అరలలో చిక్కిన పొడి యెంత కడిగినను పూర్తిగ పోదు. బాగుచేసిన ఇంజనును మరల చెరచును.

బిగించు క్రమము

క్రొత్త కూలరును పాతదాని ప్రక్కన పెట్టి రంధ్రములు, ఎత్తు, వలయపు గాడి సరిపోయినవో లేదో చూడవలెను. ఆయిలువైపు ఓ-రింగునకు శుభ్రమైన ఆయిలు పలుచగ పూసి గాడిలో మెలిపడకుండ కూర్చవలెను. పుస్తకమున చెప్పనిచో సీలెంటు జిగురు పూయరాదు. లోపలికి పిండబడిన జిగురు ముక్కలై ఆయిలు దారుల నడ్డగింపగలదు. బోల్టులను మొదట చేతితోనే త్రిప్పవలెను. చేతికి లొంగని మరను స్పానరుతో బలవంతపెట్టినచో అల్యూమినియపు మర చెడును.

పిదప టార్కు రెంచితో ఎదురెదురు వరుసలో బిగింపవలెను. 6 మిల్లీమీటరుల బోల్టునకు సాధారణముగ 10 న్యూటను మీటరులు, 8 మిల్లీమీటరుల బోల్టునకు 20 మొదలు 25 న్యూటను మీటరులు పట్టును; ఐనను మీ బండి పుస్తకమునందలి సంఖ్యయే ప్రమాణము. 10 న్యూటను మీటరులనగా నెంత? 20 సెంటిమీటరుల స్పానరు కొనకు 5 కిలోల బరువు వ్రేలాడదీసినంత. అది యెంత స్వల్పమో చూడుడు. బలముకొలది బిగించుటయే మంచి పనియను అభిప్రాయము ఎన్నో మరలను పాడుచేసినది. తరువాత క్రొత్త ఫిల్టరు వలయమునకు ఆయిలు రాసి, తాకినంతవరకు త్రిప్పి, పిమ్మట ఫిల్టరుమీద ముద్రించినంత, సాధారణముగ ముప్పాతిక చుట్టు, చేతితోనే బిగింపవలెను. హోసులను గుర్తుల ప్రకారము తగిలించి క్లిప్పులు వేయవలెను.

లోపల కలిసిపోయినచో

బయటి కారుడు మాత్రమేయైనచో పని యింతటితో ముగియును. లోపల ఆయిలును కూలెంటును కలిసియున్నచో శుభ్రపరచుటయే పెద్ద పని. కూలెంటు దారిని అందుకొరకై చేసిన శోధన ద్రవముతో, వెలువడు నీరు తేటపడువరకు పలుమారులు కడుగవలెను. డబ్బాను, థర్మోస్టాటును తీసి చూడవలెను. ఆయిలు తగిలిన రబ్బరు హోసులు ఉబ్బి మెత్తబడును, అట్టివానిని మార్చవలెను. ఆయిలులోనికి కూలెంటు చేరియున్నచో, క్రొత్త ఆయిలును ఫిల్టరును వేసి, ఇంజనును కొలదిసేపు నడిపి, ఆ ఆయిలునుగూడ దింపి, రెండవమారు క్రొత్త ఆయిలును ఫిల్టరును వేయవలెను. రెండవ ఆయిలు ఖర్చని వెనుదీయువారు బేరింగుల వెలను ఒకమారు విచారించుకొనవలెను.

మొదటిసారి నడుపుట

ఆయిలు పోసి, కూలెంటును శుద్ధజలమును పుస్తకమున చెప్పిన పాళ్లలో, సామాన్యముగ సగము సగముగ, కలిపి పోయవలెను. బ్యాటరీ తీగను మరల తగిలించి, హీటరును నిండు వేడిలో నుంచి, గాలి బుడగలు వెలువడునట్లు చేయవలెను. ఇంజను పట్టుకొనిన కొద్ది సెకనులలోనే ఎర్రని ఆయిలు దీపము ఆరిపోవలెను. ఆరనిచో వెంటనే ఆపవలెను. వేగము పెంచి చూడరాదు. క్రొత్త కూలరు ఖాళీగ నుండి కొంత ఆయిలును తనలోనికి తీసికొనును గావున, ఆపి ఐదు నిమిషములు ఆగి, డిప్‌స్టిక్కు చూచి, కొరతను పూరింపవలెను. మరల నడిపి, పైహోసు వేడెక్కువరకు వేచి, కూలరు చుట్టును దీపము వేసి చూడవలెను. మరునాటి ఉదయమున రెండు మట్టములను, నూరు కిలోమీటరులు నడిపిన పిదప మరియొకమారును చూచినగాని పని పూర్తియైనదని తలపరాదు.

బిడ్డలున్న యింట మరవరాని సంగతి

కూలెంటునందలి ఎథిలీను గ్లైకాలు తీపిగ నుండు విషము. తొట్టిలో దింపిన ద్రవమును మూతలేక ఒక రాత్రియైనను వదలరాదు. పసిబిడ్డలును, కుక్కలును రుచి చూచు ప్రమాదము కలదు. పొరబాటున త్రాగినచో లక్షణములకై వేచియుండక ఆసుపత్రికి తీసికొనిపోవలెను. వాడిన ఆయిలు 2016 నాటి నియమముల ప్రకారము ప్రమాదకర వ్యర్థము. దానిని కాలువలో పోయరాదు, కాల్చరాదు. అనుమతి పొందిన సేకరణదారుల కందునట్లు షెడ్డున నొప్పగింపవలెను.

తుదకొక మాట. మన బిడ్డలు వీధిలో నొక భాష, బడిలో నొక భాష వినుచు పెరుగుచున్నారు. పని పదములను ప్రాంతీయ భాషలో నేర్తురు. అందు తప్పు లేదు. ఐతే ఆ పని యేల జరుగుచున్నదను వివరణమును ఇంట తెలుగున వినినచో, అది వారి బుద్ధికి దగ్గరగ నిలుచును. పాత కూలరును పారవేయక మునుపు రంపముతో కోయించి, కడిగి, ఆ రేకుల దొంతరను బిడ్డకు చూపుడు. ఇంజను నడుచునపుడు ఆయిలు ఏవైపు పారును, ఆపినపుడు ఏది యెటు పారునని అడుగుడు. ఆ ప్రశ్నకు తానై ఉత్తరము చెప్పగలిగిన బాలుడు గాని, బాలిక గాని, ద్రవముల ఒత్తిడిని గూర్చిన పాఠమును కంఠస్థము చేయవలసిన పనియుండదు.